అబ్బా రాసుకున్న బాకీలు

జనాజా నమాజుకు సఫ్‌లు కట్టాక, ఇమామ్ సాబ్ తక్బీర్ చెప్పకముందు, వారసుడు ముందుకొచ్చి ఒక మాట చెప్పడం మనలో రివాజు. మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే నన్ను అడగండి, ఎవరి దిలైనా నొప్పించి ఉంటే అల్లాహ్ కోసం మాఫ్ చేయండి అని. 2018లో మా అబ్బా పోయినప్పుడు చిత్తూరులో ఆ మాట చెప్పింది నేనే. గొంతు పెగల్లేదు, అయినా చెప్పాను. ఎవరూ ముందుకు రాలేదు. అల్‌హందులిల్లాహ్, ఖర్జ్ లేకుండా పోయాడు మా అబ్బా అనుకున్నాను.

చెహల్లుమ్ అయ్యాక అమ్మీ ఇనప పెట్టె తాళం నా చేతిలో పెట్టింది. లోపల అబ్బా షేర్వానీ, అత్తరు సీసా, నేను కువైట్ నుంచి పంపిన గడియారం, వాటి కింద ఎర్ర అట్ట పుస్తకం ఒకటి. తెరిస్తే అన్నీ లెక్కలు. చాలా వరుసల మీద అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. తీరిపోయిన లెక్కలన్న మాట. నాలుగు వరుసల మీద మాత్రం గీత లేదు.

అంకెలు నేను చదవగలిగాను. మన ఖురాన్ షరీఫ్‌లో ఆయత్‌ల నంబర్లు ఉంటాయే, అవే అంకెలు. 11,500. 1,200. 800. 350. ఎంతో తెలిసింది. ఎవరికో తెలియలేదు. ఎందుకంటే పేర్లు ఉర్దూలో ఉన్నాయి, నాకు ఉర్దూ చదవడం రాదు.

మీలో చాలామందికి ఈ మాట వింతగా అనిపించదు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, ఖురాన్ చదివేది అరబీ, బడిలో నేర్చుకున్నది తెలుగు. ఖురాన్ చదివేవాడికి ఉర్దూ చదవడం ఎంతసేపు అంటారు. కానీ ఖురాన్‌లో జేర్, జబర్, పేష్ అన్నీ ఉంటాయి. మామూలు ఉర్దూ రాతలో అవి ఉండవు. అరబీలో లేని అక్షరాలు మళ్ళీ కొన్ని. అందులోనూ అబ్బాది తోటలో చెట్టు కింద నిలబడి, తొడమీద పుస్తకం పెట్టుకుని గబగబా రాసిన రాత. అలిఫ్ ఎక్కడో, నుక్తా ఎక్కడో.

ఇంకో సంగతి చెప్పాలి. నా రోజీ లెక్కలు రాయడమే. తిరుపతిలో పది దుకాణాలకు ఖాతాలు రాసి పెడతాను. ఊళ్ళోవాళ్ళందరి జమాఖర్చులు చదివేవాణ్ణి, కన్నతండ్రి పుస్తకం ముందు అన్‌పఢ్‌లా కూర్చున్నాను.

ఇందులో అబ్బా ఖసూర్ లేదు, నాదీ లేదు. ఆయన చిత్తూరులో ఉర్దూ బడిలో 5 దాకా చదివాడు. తర్వాత మండీలో కూలి, ఆ తర్వాత మామిడి తోటలు గుత్తకు తీసుకునే వ్యాపారం. నన్ను బడిలో వేసే రోజున అమ్మీ ఉర్దూ బడి అంది. అబ్బా వద్దన్నాడు. "మై పఢ్యా సో బస్ హై. ఇనే తెలుగు పఢ్కో ఆఫీస్‌మే బైఠ్నా." నేను చదివింది చాలు, వీడు తెలుగు చదివి ఆఫీసులో కూర్చోవాలి. బడి ఫారంలో మాతృభాష దగ్గర ఉర్దూ అని రాశారు. నేను నేర్చుకున్నది మాత్రం అ ఆ ఇ ఈ. ఫారంలో ఉన్న ఆ ఒక్క మాటే నాకూ ఉర్దూ రాతకూ ఉన్న రిష్తా.

1996లో కువైట్ పోయాను. ఒక సూపర్‌మార్కెట్ గోదాములో స్టోర్‌కీపర్ పని. అక్కడ నేను సాయిబును కాదు, ముసల్మాన్‌నూ కాదు. నేను 'హిందీ'. అరబ్బులు హిందుస్తాన్ నుంచి వచ్చిన వాళ్ళందరినీ అలాగే పిలుస్తారు, పేరుతో పనిలేదు. తిరుపతిలో నా పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదన్నవాళ్ళు గుర్తొచ్చి నవ్వొచ్చేది. అక్కడ పేరు వల్ల ఇల్లు దొరకలేదు, ఇక్కడ పేరు అడిగే దిక్కే లేదు. మా గదిలో ఆరుగురం. ఒకరు హైదరాబాద్, ఇద్దరు రాయచోటి, ఇద్దరు కేరళ. హైదరాబాద్ భాయ్ నా ఉర్దూ విని, "మియాఁ, యే ఉర్దూ హై కి తెలుగు?" అని మజాక్ చేసేవాడు. కేరళ వాళ్ళకు మా ఇద్దరి మాటా ఒకటే.

అబ్బా అప్పట్లో నెలకో ఖత్ రాసేవాడు. ఉర్దూలో. ఆ ఖత్ హైదరాబాద్ భాయ్ పైకి చదివితే నేను వినేవాణ్ణి. "తుమారీ అమ్మీ ఖైరియత్ సే హై, బారిష్ అచ్ఛీ హుయీ, పైసే మిలే, నమాజ్ నక్కో ఛోడో." ప్రతి ఖత్‌లోనూ దాదాపు అవే మాటలు. మా అబ్బాకు రాయడానికి సంగతులు లేవు కాబోలు అనుకునేవాణ్ణి. ఆ అనుకోవడం ఎంత గలతో ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది.

పుస్తకం దొరికాక నిద్ర పట్టలేదు. అప్పు రాసి పెట్టుకోండి అని చెప్పే ఆయత్ సూరా బఖరాలో ఉంది, 282. ఖురాన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైన ఆయత్ అదే. ఆస్తి పంచుకోకముందే ఖర్జ్ తీర్చాలనీ హుకుం ఉంది. అబ్బా తన ఫర్జ్ తాను చేశాడు, రాసి పెట్టాడు. చదవాల్సిన కొడుకుకు చదవడం రాలేదు.

తిరుపతిలో మా ఇంటి దగ్గర మద్రసాలో ఒక హాఫిజ్ సాబ్ ఉన్నాడు. బిహార్ నుంచి వచ్చిన కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. ఉర్దూ నీళ్ళు తాగినట్టు చదువుతాడు. అసర్ తర్వాత పుస్తకం తీసుకుపోయాను. మొదటి పేజీ తిప్పి, కళ్ళు చిట్లించి చదివాడు. తర్వాత నన్ను అదోలా చూశాడు.

"చచా, ఆప్ కే వాలిద్ కబాడీ కా కామ్ కర్తే థే?"

పాత సామాన్లా? కాదు, మామిడికాయల వ్యాపారం అన్నాను.

"లేకిన్ యహాఁ తో లిఖా హై, గత్తా... రద్దీ... గత్తా... రద్దీ..."

గత్తా అంటే అట్ట. రద్దీ అంటే చిత్తుకాగితం. నాకూ అర్థం కాలేదు. ఇంకోసారి చదవమన్నాను. మూడోసారికి వెలిగింది. అది గత్తా కాదు, గుత్త. రద్దీ కాదు, రెడ్డి. అబ్బా తొందరలో అక్షరం మీద పెట్టాల్సిన చిన్న గుర్తు పెట్టలేదు. రెడ్డి దగ్గర గుత్తకు తీసుకున్న తోటల లెక్కను ఆ బిహారీ పిల్లవాడు చిత్తుకాగితాల లెక్కగా చదివాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు తెలిసింది ఆ పుస్తకం ఏమిటో. అక్షరాలు ఉర్దూ, మాటలు సగం తెలుగు. అచ్చారం, పూత, పిందె, గుత్త, చింతమాను, తట్ట. వాటి పక్కనే బాకీ, జమ, వసూల్, కిస్తీ. హాఫిజ్ సాబ్‌కు అక్షరాలు వచ్చు, మాటలు తెలియవు. నాకు మాటలు తెలుసు, అక్షరాలు రావు. ఒంటరిగా ఇద్దరిలో ఎవరూ దాన్ని చదవలేరు. వారం రోజులు అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య కూర్చున్నాం. ఆయన శబ్దం పలకడం, నేను అర్థం పట్టుకోవడం.

మధ్యమధ్యలో ఆయనకు మన జుబాన్ వింత. ఒక చోట "దేతౌఁ బోల్కో బోల్యా" అని ఉంది. ఇస్తానని చెప్పాడు అని. "యే బోల్కో బోల్యా క్యా హై?" అంటాడు. నేను చెప్పాను, బేటా, తెలుగులో 'ఇస్తాను అని చెప్పాడు' అంటారు, ఆ 'అని' ఉంది చూడు, మా దక్కనీలో అదే 'బోల్కో'. మా ఉర్దూ ఇక్కడి మట్టిలో పెరిగింది. ఆర్కాటు నవాబుల జమానాలో, మైసూరు ఫౌజుల జమానాలో ఇక్కడికి వచ్చినవాళ్ళు, ఇక్కడే కలిమా చదివినవాళ్ళు, అందరూ కలిసి మాట్లాడుకున్న జుబాన్ ఇది. హైదర్ అలీ ఆఖరి ఊపిరి వదిలింది కూడా చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గరే, 1782 డిసెంబర్ 7న. హాఫిజ్ సాబ్ ఆశ్చర్యపోయాడు. "హమ్ తో సమఝ్తే థే, ఆప్ లోగోఁ కీ ఉర్దూ బిగ్‌డీ హుయీ హై." చెడిపోయిన ఉర్దూ అనుకున్నాడట. నేనూ యాభై ఏళ్ళు అదే అనుకున్నాను.

తెలుగు వాళ్ళకూ ఒక మాట చెప్పాలనిపిస్తుంది. బాకీ, జమ, ఖర్చు, వసూలు, రసీదు, జిల్లా, చివరికి రైతు అన్న మాట కూడా అరబీ, ఫార్సీల నుంచి మన ఉర్దూ మీదుగా వచ్చిందే. మామిడికాయల్లో కూడా మేమున్నాం. తోతాపురిలో తోతా అంటే చిలక. చిత్తూరు వైపు బేనీషా అంటారే, అది బే-నిషాన్, మచ్చ లేనిది. మచ్చ లేని పండుకు పేరు మా భాషలో పెట్టుకున్నారు. మాకు మాత్రం ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడతారు.

పెద్ద బాకీ ఏదో తేలింది. "చింతమాను కింద ఇల్లు రెడ్డి. దుస్రీ కిస్తీ. సన్ 98. గాలివాన." దామలచెరువు దగ్గర ఒక పల్లె పేరు ఉంది. 98లో పూతకు ముందు అచ్చారం ఇచ్చి, కాయ దించేటప్పుడు రెండో కిస్తీ ఇస్తానన్నాడు అబ్బా. వైశాఖంలో గాలివాన కొట్టి కాయంతా రాలిపోయింది. ఆ వరుస కింద ఇంకో చిన్న వరుస ఉంది. హాఫిజ్ సాబ్ చదివాడు: "రెడ్డి నక్కో బోల్యా. మై లిఖ్ లియా." రెడ్డి వద్దన్నాడు, నేను రాసుకున్నాను.

98లో నేను కువైట్‌లో ఉన్నాను. ఆ ఏడాది నేను పంపిన డబ్బుతో ఇంట్లో ఫ్రిజ్ కొన్నారు. తోట పోయిందని అబ్బా ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడు అర్థమైంది. తన ఖత్ కొడుకు చదవడు, ఎవరో పరాయివాడు పైకి చదువుతాడు, గదిలో ఆరుగురూ వింటారు అని ఆయనకు తెలుసు. నలుగురి ముందు కొడుకు ఇజ్జత్ పోకూడదని నుఖ్సాన్ మింగేశాడు. నాకు ఉర్దూ వచ్చి ఉంటే ఆయన రాసి ఉండేవాడు. రాసి ఉంటే ఫ్రిజ్ బదులు బాకీ తీరి ఉండేది. ఆయన నన్ను తెలుగు బడిలో వేసింది నా భలాయి కోసమే. దాని ఖరీదు మాత్రం ఆయనే కట్టుకున్నాడు.

ఒక ఆదివారం పాకాల మీదుగా ఆ పల్లెకు పోయాను. బస్సు దిగి టోపీ తీసి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో తెలియదు. నాలుగు అడుగులు వేశాక సిగ్గేసి మళ్ళీ పెట్టుకున్నాను.

చింతమాను ఉంది. ఇల్లు మిద్దె అయింది. రెడ్డి లేడు, పోయి చాలా ఏళ్ళయింది. ఆయన భార్య అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఎవురు నాయనా?"

"మామిడికాయల సాయిబు కొడుకునమ్మా. చిత్తూరు."

"ఓయబ్బ! లుంగీ ఎగ్గట్టుకోని చెట్టుచెట్టుకూ లెక్కబెట్టేవోడు. ఎట్లుండాడు మీ నాయన?"

"పోయినాడమ్మా. ఆర్నెల్లయింది."

ఆమె చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. కాసేపటికి అంది: "ఒక మాట చెప్పి పంపిచ్చుంటే మావోడు వొచ్చుండును గదా నాయనా."

నా దగ్గర జవాబు లేదు. జనాజా ముందు నేను ఎలాన్ చేసిన మాట గుర్తొచ్చింది. ఎవరికైనా బాకీ ఉంటే అడగండి అని, గొంతెత్తి, ఉర్దూలో, సఫ్‌లలో నిలబడ్డ మనవాళ్ళకు చెప్పాను. ఎవరూ రాలేదని అల్‌హందులిల్లాహ్ అనుకున్నాను. అబ్బా బాకీ పడ్డవాళ్ళలో ఒక్కరైనా ఆ సఫ్‌లో లేరు. రెడ్లు, నాయుళ్ళు, తట్టలు అల్లేవాళ్ళు. జిందగీ అంతా ఆయన వాళ్ళ మధ్యే తిరిగాడు, వాళ్ళ చెట్ల కిందే అన్నం తిన్నాడు. మౌత్ కబురు మాత్రం మేం మన గల్లీ దాటనివ్వలేదు. వాళ్ళు మనల్ని దూరం పెడతారని ఎన్నోసార్లు బాధపడ్డాను. ఆ రోజు దూరం పెట్టింది నేను.

డబ్బు తీసి అరుగు మీద పెట్టాను. సంగతి చెప్పాను.

"ఆ యేడు గాలి కొట్టి అందురిదీ పోయె. మా ఆయన వద్దన్నాడే!"

"మా నాయన రాసుకున్నాడమ్మా. బాకీ ఉంటే రూహ్‌కు... ఆత్మకు శాంతి ఉండదంటారు మాలో."

ఆమె నా మొహం చూసి, డబ్బు చూసి, "అట్లయితే ఇయ్యి. ఆయన్ని ఆడ నిలబెట్టేదానికి నేనెవురు" అంది. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క నోటూ లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. ఆమె వద్దని ఉంటే నేను ఏం చేసేవాణ్ణో తెలియదు. లెక్కపెట్టి తీసుకున్నందుకు ఇవాళ్టికీ ఆమెకు దువా చేస్తాను. వచ్చేటప్పుడు చింతపండు కవరు ఒకటి చేతిలో పెట్టింది. "మీ యమ్మకియ్యి. రంజాను కంజిలోకి పచ్చడి చేసుకుంటారంట గదా" అంది. మన ఇంటి ఇఫ్తార్ సంగతి ఆమెకు తెలుసు.

1,200 పాకాలలో ట్రాక్టర్ బాడుగ. ఆయన నవ్వుతూ తీసుకుని, టీ తాగించి పంపాడు. 800 తట్టలు అల్లే ఆమెది. ఆమె లేదు, కూతురు బెంగళూరులో ఉందంటే నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. "ఇదేమన్నా మోసమా అన్నా? ఓటీపీ అడగవు గదా?" అని రెండుసార్లు అడిగింది. ఫోన్‌పేలో పంపాను. ఐదు నిమిషాలకు మళ్ళీ ఆమే ఫోన్ చేసి ఏడ్చింది. వాళ్ళమ్మ పేరు ఎక్కడో ఒక పుస్తకంలో రాసి ఉందని తెలిసినందుకు.

350 ఎవరిదో తేలలేదు. పేరు మీద సిరా చెదిరింది. హాఫిజ్ సాబ్ నాలుగు రకాలుగా చదివాడు, నాలుగూ నాకు తెలియని పేర్లే. హక్‌దార్ దొరక్కపోతే వాళ్ళ పేరు మీద సదఖా ఇచ్చేయమని ఉలమాలు చెబుతారు. ఇచ్చాను. అయినా ఆ వరుస మీద గీత కొట్టడానికి చెయ్యి రాలేదు.

తిరుపతిలో సాయిబులుంటారా అని కువైట్‌లో అడిగేవాళ్ళు. ఉంటాం. కొండ మీద మంగళవారం స్వామికి జరిగే అష్టదళ పాద పద్మారాధన కోసం 1984లో 108 బంగారు పద్మాలు ఇచ్చింది ఒక గుంటూరు ముస్లిం. కడప వాళ్ళు ఉగాది రోజున దేవుని కడపకు పోతారు, బీబీ నాంచారి మన ఆడబిడ్డ అని. తౌహీద్ దృష్టితో చూస్తే అది సరికాదనే ఆలిమ్‌లు ఉన్నారు, వాళ్ళ మాట వాళ్ళది. నేను చెప్పేది రిష్తా గురించి. కథల్లో మనల్ని వియ్యంకుల్ని చేసుకున్న ఊళ్ళలోనే అద్దె ఇంటి కోసం తిరుగుతాం. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే అది తప్పుడు లెక్క అవుతుంది.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రెండో అధికార భాష చేశారు. ఖుషీ అయింది. ఆ రోజు ఇంట్లో లెక్కపెట్టాను, ఉర్దూ చదవగలిగేవాళ్ళు ఎంతమందని. అమ్మీ ఒక్కతే. ఆమెకూ చూపు సరిగా ఆనడం లేదు.

నా కొడుకు కెనడాలో ఉన్నాడు. ఇంగ్లీషు మీడియం. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, తెలుగు మాట్లాడతాడు, చదవడం మాత్రం బోర్డు చదివినట్టు కూడబలుక్కుంటాడు. ఈ సంగతంతా రాసి వాట్సాప్‌లో పంపాను. వాయిస్ మెసేజ్ వచ్చింది: "అబ్బూ, తెలుగులో ఇంత లంబా నక్కో. ఇంగ్లీష్ అక్షరాల్లో భేజో, నైతో బోల్కో భేజో." రాయొద్దు, మాట్లాడి పంపమంటున్నాడు. కోపం రాలేదు. మా అబ్బా రాసింది నేను చదవలేదు, నేను రాసింది వీడు చదవడం లేదు. ఇంట్లో మాట్లాడే మాట మూడు తరాలుగా ఒకటే, రాసే అక్షరాలే తరానికి ఒకటి మారాయి.

అందుకని మీకు ఒక గుజారిష్. మీ ఇళ్ళల్లో కూడా ఇనప పెట్టెలుంటాయి. డైరీలు, ఖతూత్, నికాహ్‌నామాలు, లెక్కల పుస్తకాలు. పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ పక్కన కూర్చుని చదివించుకోండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. బాకీలు ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకండి. రేపు మీ ఇంట్లో మౌత్ అయితే, మసీదులో ఎలాన్ చేసినట్టే, ఆ మనిషి పని చేసిన పల్లెకూ, కూర్చున్న దుకాణానికీ ఒక మాట చెప్పి పంపండి. వాళ్ళు వస్తారు. రాకపోతే అది వాళ్ళ లెక్క.

నేనూ ఒక పుస్తకం మొదలుపెట్టాను. నా బాకీలు తెలుగులో రాస్తున్నాను, నాకు చక్కగా వచ్చిన రాత అదే. ప్రతి వరుసకూ కింద ఫోన్‌లో ఒక రికార్డింగ్ పెడుతున్నాను, దక్కనీలో, వాడి కోసం. మొదటి పేజీలో మొదటి వరుస: 350, అబ్బా బాకీ, పేరు తెలియదు.